వెనుకవరుసలో నిలిచిన మనిషి

గోలు కొట్టిన వాని పేరు మరునాటి పత్రికలో పెద్ద అక్షరాలతో వస్తుంది. గోలు పడకుండా ఆపిన వాని పేరు, ఆ రోజు అతడు పొరపాటు చేస్తే తప్ప, రాదు. ఈ సంగతి రైల్వేలోను, తపాలా శాఖలోను బ్రతుకు వెళ్ళదీసే మనకు ఎవరూ కొత్తగా బోధించనక్కరలేదు. బండి వేళకు చేరిననాడు పట్టాల జాయింటు బిగించిన గ్యాంగ్‌మన్‌ను ఎవరు తలచుకున్నారు? ఉత్తరం ఇంటికి అందిననాడు రాత్రంతా ఆర్.ఎం.ఎస్. పెట్టెలో నిలబడి సార్టింగు చేసిన గుమాస్తా పేరు ఎవరు అడిగారు? బండి పట్టాలు తప్పితేనో, సంచి దారి తప్పితేనో మాత్రం వెంటనే పేరు పైకి వస్తుంది, దాని వెనుకనే ఛార్జిషీటు వస్తుంది. అందువలన ఫుట్‌బాల్ విషయంలో మేము చిరకాలంగా వెనుకవరుస పక్షమే వహిస్తున్నాము. ఈసారి ఆ వరుసలో నిలిచిన ఒక్క మనిషిని గురించి వ్రాయదలచాము. ఆయన పేరు జర్నైల్ సింగ్ ధిల్లాన్.

ఆయన బెంగాలీ కాదు. తెలుగువాడు అసలే కాదు. అయినప్పటికీ కలకత్తా మైదాన్ ఆయనను తనవానిగా చేసుకొన్నది. ఆయన జీవితంలోని అతి ముఖ్యమైన నిర్ణయాన్ని ఆయన తరఫున తీసుకొన్నవాడు మన హైదరాబాదువాడు. ఈ రెండు కారణాలు చాలు, మన బులెటిన్‌లో ఆయనకు చోటివ్వడానికి.

జర్నైల్ సింగ్ 1936 ఫిబ్రవరి 20న జన్మించాడు. బాల్యం గడిచింది నాటి పశ్చిమ పంజాబులోని లయల్‌పూర్ ప్రాంతంలో. నేడు ఆ ఊరికి ఫైసలాబాద్ అని పేరు. లయల్‌పూర్ చరిత్రే వలసల చరిత్ర. పందొమ్మిదవ శతాబ్దం చివర చీనాబు కాలువ త్రవ్వి, బీడుభూమిని సాగులోకి తెచ్చినపుడు జలంధర్, హోషియార్‌పూర్, అమృతసర్ జిల్లాల నుండి రైతులు గుంపులు గుంపులుగా పోయి అక్కడ స్థిరపడ్డారు. అర్ధ శతాబ్దం గడిచిందో లేదో, 1947లో దేశం రెండుగా చీలింది. నాటిన చెట్టును వ్రేళ్ళతో సహా పెకలించినట్లు వారిని పెకలించి తూర్పునకు తరిమారు. జర్నైల్ సింగ్‌కు అప్పటికి పదకొండేళ్ళు. కుటుంబం హోషియార్‌పూర్ జిల్లాలో గఢ్‌శంకర్ దగ్గరి పనామ్ గ్రామం చేరింది.

ఆ 1947 సంవత్సరాన్ని మన శాఖలు మరచిపోలేవు. భారతదేశంలో ఉంటావా, పాకిస్తానుకు పోతావా అని ఒక్కొక్క ఉద్యోగినీ అడిగి, వ్రాతమూలకంగా జవాబు తీసుకొన్నారు. నార్త్ వెస్టర్న్ రైల్వే రెండు ముక్కలయింది. బెంగాల్ అస్సాం రైల్వే కూడ ముక్కలయింది. పంజాబు సరిహద్దు స్టేషన్లలో ఎటువంటి బండ్లు వచ్చి ఆగాయో వాటికి జెండా చూపిన గార్డులకు, స్టేషన్ మాస్టర్లకు తెలుసు. తూర్పున సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారాలు కాందిశీకుల వసతి గృహాలయ్యాయి. ఒకే గీత దేశానికి రెండు కొసలలోను పడింది. పడమటి కొసన ఇల్లు పోగొట్టుకొన్న కుర్రవాడు, తూర్పు కొసన ఇళ్ళు పోగొట్టుకొన్నవారితో నిండిన నగరానికి పదేళ్ళ తరువాత బంతి ఆడడానికి వచ్చాడు.

మాహిల్‌పూర్ ఖాల్సా కళాశాలలో ఆట నేర్చిన జర్నైల్ సింగ్, కలకత్తాలో మొదట చేరింది రాజస్థాన్ క్లబ్బులో. 1959లో మోహన్ బగాన్ ఆయనను తీసుకొన్నది. ఇక్కడ ఒక విచిత్రం పాఠకులు గమనించాలి. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అనేవి రెండు జట్ల పేర్లు మాత్రమే కావు. 1889లో పుట్టిన మోహన్ బగాన్‌ను పడమటి బెంగాల్ స్థానికుల జట్టుగాను, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్‌ను పద్మానది ఆవలి నుండి వచ్చినవారి జట్టుగాను జనం భావిస్తారు. విభజన తరువాత ఈ భావం మరింత గట్టిపడింది. ఒక జట్టు గెలిస్తే బజారులో రొయ్యల ధర, రెండవ జట్టు గెలిస్తే పులస ధర పెరుగుతాయని నేటికీ చెప్పుకొంటారు. (పులసను బెంగాలీలు ఇలీష్ అంటారు. గోదావరివారికి దాని మహిమ వర్ణించి చెప్పవలసిన పని లేదు.) ఈ లెక్క ప్రకారం చూస్తే కాందిశీకుడైన జర్నైల్ సింగ్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడవలసినవాడు. ఆయన మాత్రం దాదాపు దశాబ్దకాలం, 1968 వరకు, ఎదుటి గోలు ముందర నిలబడి ఈస్ట్ బెంగాల్‌ను అడ్డగించాడు.

ఆ మాటకు వస్తే మోహన్ బగాన్ అభిమానులు నెత్తిన పెట్టుకొన్న చునీ గోస్వామి పుట్టింది తూర్పు బెంగాల్‌లోని కిశోర్‌గంజ్‌లో. అంతకు ముందు తరంలో, చీనా గోడ అని పేరు పొందిన గోష్ఠ పాల్ కూడ తూర్పున ఫరీద్‌పూర్ జిల్లావాడే. మరి ఈస్ట్ బెంగాల్‌కు నాయకత్వం వహించిన తులసీదాస్ బలరాం ఎవరు? సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో, తమిళ తల్లిదండ్రులకు పుట్టినవాడు. స్థానికుడెవడు, పరాయివాడెవడు అని గొంతు చించుకొని వాదించేవారు మైదాన్‌లో ఆడినవారి జన్మస్థలాలు ఒకసారి వరుసగా వ్రాసి చూసుకొంటే మంచిది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలోను, టీటాగఢ్ జనుపమిల్లుల పరిసరాలలోను తరాలుగా నివసిస్తున్న మన తెలుగువారికి ఈ వాదన ఎంత బోలుదో అనుభవపూర్వకంగా తెలుసు. పని ఉన్నంతవరకు మనవాడు, పని కరువైననాడు బయటివాడు!

జర్నైల్ సింగ్ స్టాపర్. అనగా వెనుకవరుస నడుమ నిలిచేవాడు. పొడగరి, బలిష్ఠుడు. ప్రత్యర్థి పాదం నుండి బంతిని నేలబారుగా జారి లాక్కోవడంలోను, ఎగిరి తలతో కొట్టివేయడంలోను దిట్ట. కలకత్తా లీగు వానాకాలపు ఆట. మోకాలి లోతు బురదలో, జారే బంతిని నమ్ముకొని ఆడవలసిన ఆట. అటువంటి నేలమీద ముందువరుస ఆటగాడు జారిపడితే ప్రేక్షకులు జాలిపడతారు. వెనుకవరుసవాడు జారిపడితే గోలు పడుతుంది. ఆయన ఉన్న కాలంలో మోహన్ బగాన్ 1962 నుండి 1965 వరకు వరుసగా నాలుగేళ్ళు కలకత్తా లీగు గెలిచింది. 1963, 1964, 1965లలో వరుసగా మూడుసార్లు డ్యూరాండ్ కప్పు గెలిచింది. మొరటుగా ఆడతాడని ఆయనపై ఫిర్యాదు చేసినవారూ ఉండకపోరు. సున్నితంగా ఆడే స్టాపర్‌ను మేమైతే ఇంతవరకు చూడలేదు.

ఆ కాలపు ఆటగాళ్ళు పేరుకు ఔత్సాహికులు. క్లబ్బు లోపాయికారీగా ఇచ్చేది ఏమైనా ఉన్నా, నెలనెలా ఇంటికి బియ్యం తెచ్చేది ఉద్యోగమే. మోహన్ బగాన్ వెనుకవరుసను దీర్ఘకాలం కాచి, 1951 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టుకు నాయకుడైన శైలేన్ మన్నా భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగి. పి.కె. బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి. 1958లో కలకత్తా లీగును ఈ రెండు పెద్ద జట్లూ కాక, మహమ్మదన్ స్పోర్టింగూ కాక, మన ఈస్టర్న్ రైల్వే గెలిచింది. ఆ మూడు జట్లకు వెలుపలివారు తిరిగి ఆ లీగు గెలవడానికి 2019 దాకా పట్టింది. సంతోష్ ట్రోఫీని రైల్వే జట్టు 1961, 1964, 1966లలో మూడుసార్లు గెలిచింది. నడుమ 1965లో ఆంధ్రప్రదేశ్ గెలిచిందని మన తెలుగు పాఠకుల సంతోషం కోసం ఇక్కడనే చేరుస్తున్నాము. ఆ తరం ఆటను కూలి చేసుకొనేవారు నిలబెట్టారు. బూట్లు విప్పి మరునాడు హాజరుపట్టీలో సంతకం పెట్టినవారు నిలబెట్టారు.

ఇక అసలు విషయానికి వస్తాము. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు హంగరీతో 1-2 తేడాతో మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమంగా నిలిచినపుడు జర్నైల్ సింగ్ వెనుకవరుసలో ఉన్నాడు. రెండేళ్ళ తరువాత జకార్తా ఆసియా క్రీడలు. శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. జట్టులో మన వైపు నుండి బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో భారత్ 0-2తో ఓడింది. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో ఓడించి నిలద్రొక్కుకొన్నది. ఈ గ్రూపు ఆటలలోనే జర్నైల్ సింగ్ తలకు గట్టి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి.

స్టాపర్‌కు తల పనిముట్టు. వడ్రంగికి బాడిశ ఎటువంటిదో, ఆయనకు నుదురు అటువంటిది. కుట్లు పడిన నుదురుతో ఎదుటివారి సెంటర్ ఫార్వర్డ్‌తో పాటు ఎగిరి ఢీకొనడం సాధ్యమయ్యే పని కాదు. అటువంటప్పుడు అధికారి అయినవాడు సాధారణంగా ఏమి చేస్తాడు? రెండు పనులలో ఒకటి చేస్తాడు. పనికిరాడని ప్రక్కన పెడతాడు. లేదా, దేశం కోసం ఓర్చుకో అని అదే స్థానంలో మళ్ళీ నిలబెట్టి, కుట్లు తెగితే వీరుడని పొగడుతాడు. రహీం సాహెబు ఈ రెండూ చేయలేదు. జర్నైల్ కళాశాల రోజులలో ముందువరుసలో ఆడినవాడన్న సంగతి ఆయనకు తెలుసు. వెనుకవరుసను ఇతరులకు అప్పగించి, దెబ్బతిన్న స్టాపర్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. మన రైల్వే పరిభాషలో చెప్పాలంటే లైట్ డ్యూటీ ఇచ్చాడు. లైట్ డ్యూటీ మీద ఉన్న ఆ మనిషి సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై ఒక గోలు కొట్టాడు. భారత్ 3-2తో గెలిచింది.

1962 సెప్టెంబరు 4న ఫైనలు. ప్రత్యర్థి మొదటి ఆటలో ఓడించిన దక్షిణ కొరియాయే. సెనయాన్ స్టేడియంలో సుమారు లక్షమంది జనం. ఆ జనం మనపట్ల ఆగ్రహంతో ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను రానీయనందుకు భారత క్రీడాధికారి జి.డి. సోంధీ ఇండోనేషియాను విమర్శించడం దానికి కారణం. మన జాతీయగీతానికి కూడ ఈలలు, కేకలు తప్పలేదు. ఆ గగ్గోలులో తమకోసం చప్పట్లు చరిచినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని మన ఆటగాళ్ళు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. లయల్‌పూర్ నుండి వెళ్ళగొట్టబడిన కుర్రవానికి, ఆ గడ్డ నుండి వచ్చినవారి చప్పట్లు! ఆ సమయంలో జర్నైల్ సింగ్ మనస్సులో ఏమి మెదిలిందో ఊహించి వ్రాయడం మా పని కాదు. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యవ నిమిషంలో జర్నైల్ సింగ్ గోళ్ళు కొట్టారు. ఆట ముగింపు దగ్గర పడగా కొరియా ఒకటి తిరిగి కొట్టింది. 2-1తో స్వర్ణం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత నేటివరకు మనకు స్వర్ణం రాలేదు.

ఈ కథను చెప్పేవారందరూ కుట్ల దగ్గర ఆగి చప్పట్లు కొడతారు. మా అభిప్రాయంలో ఆగవలసిన చోటు అది కాదు. నొప్పిని ఓర్చుకొన్న జర్నైల్ సింగ్ ధైర్యాన్ని మేము చిన్నబుచ్చడం లేదు. కాని ఓర్పును మాత్రమే పొగడే అలవాటు యజమానికి ఎంత సౌకర్యమో మనం ఎరుగుదుము. జ్వరంతో డ్యూటీ చేసిన పాయింట్స్‌మన్‌ను సభలో శాలువ కప్పి సన్మానిస్తే, మరునాడు జ్వరానికి సెలవు అడిగిన వానిని సోమరి అనడం తేలిక అవుతుంది. జకార్తాలో గొప్ప పని రెండు విధాలుగా జరిగింది. ఆటగాడు ఓర్చుకొన్నాడు. శిక్షకుడు, గాయపడినవానిలో ఏమి పోయిందో కాక ఏమి మిగిలిందో చూసి, దానికి తగిన చోటు వెదికాడు. ఈ రెండవ పని గురించి ఎవరూ పాడరు. అప్పటికి రహీం సాహెబును క్యాన్సర్ వ్యాధి తినివేస్తున్నదన్న మాట కూడ ఇక్కడ చెప్పాలి. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశాడు. తన దేహమే సహకరించని మనిషికి, దెబ్బతిన్న దేహం విలువ తెలిసి ఉంటుంది.

రైల్వేలో ‘డీకేటగరైజ్’ అనే మాట వినగానే ఎన్ని ఇళ్ళలో ఆ పూట పొయ్యి ముందు మౌనం ఆవరించిందో పాఠకులకు చెప్పనక్కరలేదు. కంటిచూపు తగ్గిన డ్రైవరు, షంటింగులో చేయి నలిగిన పోర్టరు, మోకాళ్ళు అరిగి మెట్లు ఎక్కలేని పోస్ట్‌మన్, వీరందరూ కుట్లు పడిన స్టాపర్లే. ప్రత్యామ్నాయ ఉద్యోగం అనేది దయాధర్మంగా కాక హక్కుగా ఉండాలని ఎన్నో ఏళ్ళు అడగవలసి వచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టం, 2016లో దాని స్థానంలో వచ్చిన చట్టం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ స్పష్టంగా నిర్దేశించాయి. ఆ ఉద్యోగానికి తగని స్థితి వస్తే అదే వేతనంతో మరొక పనికి మార్చాలి. అది కుదరకపోతే తగిన ఖాళీ వచ్చేవరకు అదనపు పోస్టులో ఉంచాలి. చట్టం ఇంతవరకు బాగున్నది. కాని తగిన పని అంటే ఏమిటో నిర్ణయించేది ఎవరు? పాతికేళ్ళు ఇంజను నడిపిన మనిషిని పనిలేని గదిలో కుర్చీ వేసి కూర్చోబెడితే చట్టం అమలయినట్లు కాగితం మీద కనబడుతుంది. రహీం సాహెబు జర్నైల్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, జట్టులోనే ఉన్నావు కదా, జీతం వస్తున్నది కదా అనలేదు. గోలు ఎదుట నిలబెట్టాడు.

జర్నైల్ సింగ్ తరువాతి జీవితాన్ని క్లుప్తంగా చెబుతాము. 1964లో అర్జున అవార్డు వచ్చింది. 1965 నుండి 1967 వరకు భారత జట్టుకు నాయకుడు. 1966లో ఆసియా ఆల్‌స్టార్ జట్టుకు నాయకత్వం వహించాడు. కలకత్తా విడిచిన తరువాత పంజాబు చేరి, 1970లో ఆ రాష్ట్రం మొట్టమొదటిసారి సంతోష్ ట్రోఫీ గెలవడంలో ఆడుతూ, ఆడిస్తూ పాలుపంచుకొన్నాడు. పంజాబు క్రీడాశాఖలో ఉన్నత పదవులు నిర్వహించాడు. 2000 అక్టోబరు 13న కెనడాలోని వాంకూవర్‌లో మరణించాడు. వెనుకవరుసలో ఆయన సహచరుడు అరుణ్ ఘోష్‌కు ఆ మరుసటి ఏడు, అనగా 1965లో, అర్జున అవార్డు ఇచ్చారు. అరుణ్ ఘోష్ తరువాత మన బి.ఎన్.ఆర్. జట్టుకు ఆడాడు.

బలరాం సంగతి వేరు. మైదాన్‌లో జర్నైల్ ఎదుట ఈస్ట్ బెంగాల్ చొక్కాతో, విదేశాలలో జర్నైల్ ప్రక్కన భారత చొక్కాతో ఆడిన బలరాం 1963లో బి.ఎన్.ఆర్.కు వచ్చాడు. ఊపిరితిత్తుల జబ్బు ఆయనను ఇరవై ఏడేళ్ళ ప్రాయంలోనే ఆట నుండి తప్పించింది. అమ్ముగూడకు తిరిగి వెళ్ళలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న అక్కడివానిగానే కన్నుమూశాడు. ముందువరుసవాడు కనుక, గోళ్ళు కొట్టినవాడు కనుక, ఆయన పోయిననాడు పత్రికలు కొంత వ్రాశాయి. అందులో మాకు ఫిర్యాదు లేదు.

ఒక న్యాయమైన మాట కూడ చెప్పాలి. వెనుకవరుసవారిని కలకత్తా పూర్తిగా మరచిందనడం సరికాదు. 1962లో పద్మశ్రీ పొంది, ఆ గౌరవం దక్కిన తొలి ఫుట్‌బాల్ ఆటగాడైన గోష్ఠ పాల్‌కు మైదాన్‌లో విగ్రహం ఉన్నది. బూట్లు లేని కాళ్ళతో తెల్లదొరల జట్లను ఆపినవాని విగ్రహం అది. ఖరగ్‌పూర్ నుండి గాని, విశాఖ నుండి గాని పనిమీద కోల్‌కతా వెళ్ళే మిత్రులు, సమయం చిక్కితే ఈడెన్ గార్డెన్స్ వైపు నడిచి దానిని చూసి రావచ్చు.

మన డివిజన్లలోను, సర్కిళ్ళలోను క్రీడల కోటా క్రింద ఎంపికలు జరిగేటప్పుడు ఎవరు ఎన్ని గోళ్ళు కొట్టారన్న లెక్కకు ఇచ్చే విలువను, జట్టు ఎన్ని గోళ్ళు ఇవ్వలేదన్న లెక్కకు కూడ ఇవ్వాలని మేము కోరుతున్నాము. అదేవిధంగా, ఆటలో మోకాలు విరిగిన ఉద్యోగి మరునాటి నుండి కార్యాలయంలో ఎవరికీ అక్కరలేని మనిషిగా మారకుండా చూడవలసిన బాధ్యత, అతడు గెలిచిన కప్పును బీరువాలో పెట్టుకొన్న అధికారులది. మీ మీ శాఖలలో అటువంటివారు ఉంటే, వారు ఇప్పుడు ఏ సీటులో ఏ పని చేస్తున్నారో వివరంగా వ్రాసి శాఖా కార్యదర్శుల ద్వారా మాకు పంపండి. స్టాపర్ల పేర్లు ముందుగా వ్రాయండి.